నాట్ల రాగం

పాస్టర్ క్రిస్టోఫర్ అయ్యగారికి వందనాలు.

మన నాచారం సంఘం పాడే పాత కీర్తన రాగం అన్యులదని, దాన్ని మార్చమని అన్నారు. మీ మాట తప్పని రుజువు చేద్దామనే దాని పుట్టుక వెతికాను. ఒకప్పుడు ఉప్పల్ పొలాల్లో నాట్లేసిన శంకరమ్మకు పాడి వినిపించాను. ఆమె నవ్వింది.

“గిది మా నాట్ల పాటనే బిడ్డా! మీ నాయినమ్మ ఎత్తుకునేది, మేమందరం అందుకునేటోళ్లం.”

మీరన్నది నిజమే. రాగం పొలంలోదే. బురదలో వంగి పాడిన గొంతుతోనే నాయనమ్మ చర్చిలో కీర్తన ఎత్తుకుంది. బాప్తిస్మం ఇచ్చిన రోజు ఆ గొంతు మార్చుకొమ్మని ఆమెను ఎవరూ అడగలేదు.

ఆదివారం ఆ రాగంలోనే ఎత్తుకుంటాను. అందుకోవడానికి శంకరమ్మ వస్తానంది. మీరు అందుకుంటారో లేదో మీ ఇష్టం.

ఇట్లు,
ఆ నాయనమ్మ మనవరాలు