హాల్లో ఎవరూ వినని మాట

అన్నయ్యకి,

చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. నేనూ అమ్మా కులాసాగానే ఉన్నాం. ఆ కొండల్లో చలికి నువ్వూ బాగానే ఉన్నావని అనుకుంటున్నాం. ఉత్తరాలు గనికి సామాన్ల బండిలోనే, పదిహేను రోజులకోసారి వెళ్తాయన్నావు కదా. ఈసారి తప్పిపోకూడదని పని మానుకుని కూర్చున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలి నొప్పి కాస్త నయం. డాక్టరు చెప్పిన నడక మాత్రం నడవదు. నడవమంటే, "ముందు నువ్వు వేళకి తిను, తర్వాత నాకు చెబుదువుగాని" అంటుంది. నాన్న బస్సు డ్రైవరు కోటు ఎవరికీ ఇవ్వలేదు, తలుపు వెనక మేకుకే ఉంది. నా పని సాగుతోంది. పోయినవారం ఒక స్కూలు నాటకాన్ని లైవ్ ఇచ్చాను. సగంలో నెట్ పడుకుని బొమ్మ ఆగిపోయింది. ఎవరో పిల్లాడి తాతయ్య ఫోన్ చేసి, "అమ్మాయ్, రాజుగారు కత్తెత్తి పది నిమిషాలైంది. దించమను, చెయ్యి లాగేస్తుంది" అన్నాడు. నాన్న పోయాక ఈ నాలుగు నెలల్లో నేను నవ్వింది అప్పుడే.

ఇక నీ అసలు ప్రశ్న. "అందరి ముందూ నాన్నకి క్షమాపణ చెప్పుకున్నాను కదా, అది విన్నాక కూడా బాబాయి నా ఉత్తరానికి జవాబు రాయలేదేం? ఆ మాటలు మళ్ళీ చెప్పే శక్తి నాకు లేదు" అని రాశావు.

అన్నయ్యా, బాబాయి వినలేదు. హాల్లో ఎవరూ వినలేదు.

ఆ రోజు నా వైపు జరిగింది చెప్తాను. నాన్నని తీసుకెళ్ళేముందు పడుకోబెట్టిన హాలుకి గోడలు బాగా మందం, సిగ్నల్ సరిగా లోపలికి రాదు. పక్క ఆఫీసు వాళ్ళ వైరు కనెక్షన్ అడగనా అన్నాడు బాబాయి. "అక్కర్లేదు బాబాయ్, నేను రోజూ చేసే పనేగా" అన్నాను. రెండు కంపెనీల సిమ్ములు కలిపినా దొరికింది దారప్పోగంత లైను. రాలేనివాళ్ళ కోసం పెట్టిన లైవ్ దాని మీదే బయటికి పోవాలి, గని ఆఫీసు వాళ్ళు ఆ ఒక్కరోజుకి నీకిచ్చిన వీడియో కాల్ దాని మీదే లోపలికి రావాలి.

నిన్ను టాబ్‌లో పెట్టి నాన్న తల దగ్గర నిలబెట్టాను. మాట్లాడమన్నాను. నీ పెదాలు కదులుతున్నాయి, స్పీకర్లో గరగర తప్ప ఏమీ లేదు. అందరూ తలలు తిప్పి చూస్తుంటే స్పీకరు వైరు పీకేసి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. అందులోనూ అంతే.

లైవ్ ఆపేస్తే ఆ లైనంతా నీకే దక్కేది. అది నాకు తెలుసు. బటన్ మీద వేలు కూడా పెట్టాను. కానీ రెండు వందల ముప్పై మంది చూస్తున్నారు. నాన్న డిపో వాళ్ళున్నారు, నాకు పనిచ్చేవాళ్ళున్నారు. కన్నతండ్రిది కూడా సరిగ్గా చూపించలేకపోయింది అంటారని నొక్కలేదు. వచ్చేస్తుందిలే, వచ్చేస్తుందిలే అనుకుంటూనే నాలుగు నిమిషాలు గడిచాయి. నువ్వు కళ్ళు తుడుచుకుని చేతులు జోడించావు. అప్పుడొచ్చింది నీ గొంతు నా చెవిలోకి, "విన్నారా?" అని.

"విన్నారు అన్నయ్యా. బాబాయి ఏడుస్తున్నాడు" అన్నాను మెల్లగా. ఏడుస్తున్న మాట నిజమే. నీ మాటలకి కాదు.

ఆరేళ్ళ కిందట ఉద్యోగం గొడవలో నాన్నతో "నీ మొహం చూడను" అని వెళ్ళిపోయావు. బాబాయి ఇప్పటికీ అందరితో అంటున్నాడు, "చివరికి మొహం చూశాడు, ఏదో నోట్లోనే గొణుక్కున్నాడు, పైకి ఒక్క మాట అనలేదు" అని. నా ఎదురుగానే రెండుసార్లు అన్నాడు. నేను కాఫీ గ్లాసులు తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయాను.

నిన్న పొద్దున అమ్మకి చెప్పేశాను. గిన్నెలు తోముతూ వింది. "తెలుసు" అంది. మిల్లు చప్పుడులో ముప్పై ఏళ్ళు పక్కవాళ్ళ పెదాలు చూసే మాట పట్టుకున్న మనిషి కదా. ఆ రోజు నిన్నూ అలాగే చూసిందట. "'నాన్నా, మొహం చూడనన్న ఈ నోటితోనే' అన్నాడు. అంతవరకే. బొమ్మ గళ్ళుగళ్ళుగా పగిలిపోయింది. బాగుపడేసరికి దణ్ణం పెడుతున్నాడు."

"మరి ఇన్నాళ్ళూ నన్ను అడగలేదేమ్మా?"

"నువ్వే చెప్తావని చూశాను" అంది, పంపు కట్టేసి.

ఆదివారం బాబాయి ఇంటికి వెళ్తున్నాను. అమ్మ తోడు వస్తానంది, వద్దన్నాను. నలుగురూ ఉన్నప్పుడే చెప్తాను, నీ మాట వినపడకపోవడానికి కారణం ఎవరో. నమ్ముతాడో, అన్నని వెనకేసుకొస్తోంది అంటాడో తెలియదు. నువ్వు జన్మకోసారి కూడగట్టుకున్న మాటలు అవి. వాటిని మళ్ళీ రాయమని అడిగే మొహం నాకు లేదు. అమ్మా అడగదట.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. సగంలో ఆపకు. మొత్తం రాయి, ఒక్క మాట కూడా వదలకుండా చదువుతాను.

ఇట్లు,
నీతో అబద్ధమాడిన
నీ చెల్లెలు