ఎండ ఉన్నంతసేపూ

మంగళవారం.

మేడ మీద సోలార్ పలకల తీగని ఉడత కొరికేసింది. బాగుచెయ్యడానికి ఇవాళ ఒకమ్మాయి వచ్చింది. నా వయసే ఉంటుంది. తను సంచీ విప్పేలోపే మావయ్యగారు "మెయిన్ ఆపేశానమ్మా, నేనే టేపు చుట్టేస్తా" అని తీగ మీదకి చెయ్యి చాపారు.

"ఆగండి బాబాయ్ గారూ! మెయిన్ ఆపితే ఇంట్లోకే ఆగుతుందండి. ఎండ ఉన్నంతసేపూ ఈ తీగల్లో కరెంటు ఉంటుంది."

"నా పొలం మోటారు ఇన్నేళ్ళూ నేనే చూసుకున్నా!"

ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. "మీరు వెనక్కొస్తేనే పని మొదలెడతానండి" అని అలాగే నిలబడింది. ఆయన వెనక్కొచ్చాక గ్లౌజులు తొడుక్కుని మీటరు పెట్టి చూపించింది. నాలుగొందల వోల్టుల పైనే. మావయ్యగారు చెయ్యి పంచెకి తుడుచుకున్నారు.

ఎంత మర్యాదగా, ఎంత గట్టిగా ఆపిందో! ఆయన ముందు నేనెప్పుడూ నోరెత్తలేదు. పని అయ్యాక, పగలు ఎప్పుడూ ఇంట్లో ఉండేది నేనేనని, ఏవి ముట్టుకోకూడదో ఆ అమ్మాయి నాకే చెప్పి వెళ్ళింది. ఆయన మళ్ళీ చెయ్యి పెట్టబోతే నేను ఆపగలనా అని ఒకటే బెంగ.

సాయంత్రం ఆయన మెట్ల దగ్గర ఆగి, "అమ్మాయ్, వడియాలు తేవాలి, పైకెళ్ళొచ్చా?" అన్నారు.

"వెళ్ళండి మావయ్యగారూ. తీగల జోలికి మాత్రం వెళ్ళకండి" అనేశాను.

ఆయన "సరే" అని, చేతులు వెనక్కి కట్టుకుని మెట్లెక్కారు.