గవదబిళ్ళల ఆదివారం

నీస్, 1993 ఫిబ్రవరి 4

ప్రియమైన వాండక్కకి,

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ ఎండ బాగానే కాస్తోంది. ఫుట్‌బాల్ మానేసి మూడేళ్ళయినా పొద్దున్నే సముద్రం ఒడ్డున పరుగెత్తందే నాకు తోచదు.

నా జీవితకథ పుస్తకంగా వస్తోందని చెప్పాను కదా. రాసిపెడుతున్న విలేకరికి పాత పత్రిక ముక్క ఒకటి దొరికింది. 1969 మార్చిలో మన తొమ్మిదో గని కుర్రాళ్ళ జట్టు ఆడిన ఆట. ‘గ్రాలక్ రెండు గోల్స్’ అని ఉంది. పెద్ద క్లబ్బు మనిషి నన్ను ఎంచుకున్న రోజు కాబట్టి మొదటి అధ్యాయం అదే కావాలంటున్నాడు. ఆ రోజు నేను గవదబిళ్ళలతో మంచంలో ఉన్నానని ఇప్పుడు మనిద్దరికీ, అమ్మకీ తప్ప ఎవరికీ గుర్తుండి ఉండదు. ఆడింది నేనేనని చెప్పెయ్యనా? ఇరవై నాలుగేళ్ళ మాట. ఎవరికి నష్టం?

నీ కాజిక్


తొమ్మిదో గని కాలనీ, ఫిబ్రవరి 20

ప్రియమైన కాజిక్,

ఎవరికి నష్టమని అడిగావు. ఒరేయ్, నాకు.

నీకు గుర్తుండదు, జ్వరంలో ఉన్నావు. మీ జట్టుని నడిపే కాఫీ హోటలు దలాత్ర్ గారు వంటింట్లోకే వచ్చేశారు. “పదకొండోవాడు లేడమ్మా, పరువు పోతుంది” అని అమ్మని బతిమాలారు. నీ ఆటగాడి లైసెన్సు కార్డు మీది ఫోటోని నా చెంప పక్కన పెట్టి చూసి, “జుట్టు కత్తిరిస్తే రిఫరీ తాతకి కూడా తెలీదు” అన్నారు. ఆడపిల్లలకి కార్డే ఇవ్వని రోజులు. అమ్మ గొణుక్కుంటూనే కత్తెర తీసింది. నేను రెండు గోల్స్ కొట్టాను. వారం తిరక్కుండా క్లబ్బు నుంచి కబురొచ్చింది. కార్డు మీద ఎవరి పేరుంటే వాళ్ళకి. నాన్న గని నుంచి వచ్చి, బొగ్గు ముఖంతోనే నిన్ను ఎత్తుకుని తిప్పాడు. నేను పళ్ళేలు కడుగుతున్నాను.

నువ్వు ఫ్రాన్స్ జట్టుకి ఆడిన ప్రతి ఆటా చూశాను, టీవీలో మాటలు వినపడకుండా చేసి. సెమీఫైనల్లో నీ పెనాల్టీ బయటికి పోయినప్పుడు ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. ఆ వెంటనే సిగ్గేసి పెరట్లోకి పోయి నిలబడ్డాను. బడిలో నేను తత్వశాస్త్రం చెప్తాను కానీ, మా హెడ్మాస్టరు నన్ను అందరికీ చూపించేది “గ్రాలక్ గారి అక్క” అనే.

అయినా నా అనుమానం నాకుంది. ఒక్క ఆట బాగా ఆడితే ఆటగత్తె అయిపోతారా? గాలివాటున తగిలిన రెండు బంతులేమో. నువ్వేమో ఇరవయ్యేళ్ళు ఆడి నిలబడ్డావు. అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఒక్క వాక్యం చాలు. ‘ఆ రోజు ఆడింది మా అక్క’ అని రాయించు.

వాండా


నీస్, మే 2

ప్రియమైన అక్కా,

రెండు నెలలు జవాబు రాయలేదు. నాలుగుసార్లు రాసి చింపేశాను.

క్లబ్బులో మొదటి రోజు పది నిమిషాలు ఆడానో లేదో, ఆ ఆట చూసి ఎంచుకున్న పెద్దాయన ఈల వేసి పిలిచాడు. “ఆ ఆదివారం ఆడింది నువ్వు కాదు. ఎవడు వాడు?” అన్నాడు. మా అక్క అన్నాను. కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. “సరే, వచ్చావు కాబట్టి ఉండు. నువ్వూ పనికొస్తావేమో చూద్దాం” అన్నాడు. ‘నువ్వూ’ అన్నాడక్కా.

అసలు సంగతి అది కాదు. ఆ ఏడాది శీతాకాలంలో నేను ఇంటికి బయల్దేరుతుంటే ఆయన ఒక కవరిచ్చాడు. దక్షిణాన ఒక ఊళ్ళో ఆడపిల్లల జట్టు కడుతున్నారని, బసా తిండీ వాళ్ళే చూస్తారని, నిన్ను పంపమని నాన్నకి రాశాడు. కవరు అంటించి లేదు, రైల్లో చదివాను. ‘ఇన్నేళ్ళలో ఇలాంటి పిల్లని చూడలేదు’ అని ఉంది. నా గురించి ఆయన ఎప్పుడూ ఆ మాట అనలేదు. నువ్వూ ఆటలోకి వస్తే ఇక నా వైపు ఎవరు చూస్తారు అనిపించింది. ముక్కలు చేసి రైలు కిటికీలోంచి వదిలేశాను. “మా నాన్న ఒప్పుకోలేదు” అని ఆయనకి చెప్పాను.

నువ్వు ఏం రాయమంటే అది రాయిస్తాను.

కాజిక్


తొమ్మిదో గని కాలనీ, మే 11

కాజిక్,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు.

గాలివాటు కాదన్నమాట. ఆట తెలిసినవాడు చూసి, రాసి, సంతకం పెట్టాడు. ఇన్నేళ్ళూ నీ అదృష్టం మీద ఏడ్చాను, అలా ఏడ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. నువ్వు నా మీద ఏడుస్తున్నావని కలలోనైనా అనుకోలేదు.

ఒక్క వాక్యం ఇక చాలదు. మొదటి అధ్యాయంలో నా పేరు పెట్టి ఆ ఆట రాయించు. రెండో అధ్యాయంలో రైలు కిటికీ. అది నీ నోటితో నువ్వే చెప్పాలి, విలేకరి మెరుగులు దిద్దకూడదు. అచ్చుకి వెళ్ళే ముందు నాకు పంపు.

నీ ఉత్తరం నిన్న అమ్మకి చదివి వినిపించాను. బంగాళాదుంపలు చెక్కు తీస్తూ మొత్తం వింది.

“వాడికప్పుడు పదిహేనేళ్ళే కదే, పోనీలే” అంది.

“నాకు పదహారమ్మా” అన్నాను.

అమ్మ చేతిలో కత్తి కింద పెట్టింది. మళ్ళీ తియ్యలేదు. రాత్రి మేమిద్దరం ఉత్త రొట్టె తిని పడుకున్నాం.

వాండా గ్రాలక్