కుయ్‌మన్న మాట

కాశిమేడు,
ఆదివారం.

అన్నయ్యకు చెల్లెలు దండం పెట్టి రాస్తున్నది. కోపం పక్కన పెట్టి చివరిదాకా చదువు.

మా అమ్మాయి తేన్‌మొళి నటించిన సినిమా ప్రకటన నువ్వు ఫోనులో చూశావు. అందులో అది తమ్ముడి వేషం కట్టిన పిల్లాణ్ణి తిట్టేచోట కుయ్‌మని చప్పుడొచ్చింది. "నలుగురూ వినకుండా నోరు మూయించాల్సినంత బూతు కూసే పిల్ల నా గడప తొక్కకూడదు" అన్నావు. నేను తేన్‌మొళిని నిలదీశాను. ఏమన్నావే అని అడిగితే, మళ్ళీ అంటే తిడతానని భయపడి ఏడ్చిందే గాని చెప్పలేదు.

నిన్న మ్యాట్నీకి మా వీధంతా వెళ్ళాం. రేవులో రొయ్యలు వలిచే పిల్లల కథ. తమ్ముడు పడవెక్కి పారిపోబోతే మన పిల్ల పరుగెత్తి వాణ్ణి పట్టుకుంది. నోరు తెరిచింది. కుయ్‌మంది. నేను కళ్ళు మూసుకున్నాను. అంతలో దాని పెదాల కదలిక చూసి హాలంతా ఒక్క గొంతుతో అరిచింది: "కస్మాలం!"

తెర మీద పిల్ల అందుకుంది: "రా, అన్నం తిని తగలడు!"

అదేనన్నయ్యా ఆ మాట, మురికి వెధవా అని మన రేవులో ముద్దుగా తిట్టేది! సినిమావాళ్ళకది బూతులా వినిపించిందట. వెనక సీట్లోంచి ఐసు అమ్మే మరియమ్మ, "ఇంతోటిదానికి కుయ్యా? అట్టయితే మా ఇంట్లో పొద్దస్తమానం కుయ్యేనే!" అంది. నవ్వీ నవ్వీ ఏడ్చేశాను.

చిన్నప్పుడు అమ్మ నిన్ను రేవులోంచి రోజూ అన్నానికి పిలిచింది ఆ మాటతోనే కదా.

వచ్చే ఆదివారం వంజరం చేప పులుసు పెడతాను. నిన్ను కూడా ఆ మాటతోనే పిలవమని తేన్‌మొళి పక్కనే కూర్చుని పోరుతోంది. పెద్దవాడివి, నేనలా పిలవను. అమ్మ గొంతుతో నువ్వే అనుకుని, వచ్చి అన్నం తిను.

నీ చెల్లెలు