బియ్యం డ్రమ్ములో ఇంటర్నెట్

ఉమ్మ్ అల్ హస్సామ్

నెట్టు కంపెనీ ఫిర్యాదుల సెక్షన్ శ్రీనివాసరాజు గారికి,

మెస్సు నరసాయమ్మ నమస్కారాలు. ఈ అరబ్బు దేశంలో మీరూ మన భీమవరం వైపు వారేనని తెలిసి తెలుగులో రాయిస్తున్నాను. నాకు చదువు లేదు, నోరుంది. నేను చెబుతుంటే మా వంటమనిషి సత్యకుమారి రాస్తోంది.

మా వీధి తవ్వి మీ తీగ తెంపేశారు. తీగ పోతే ఆదుకుంటుందని సిమ్ కార్డు పెట్టిన తెల్ల డబ్బా ఒకటి అంటగట్టారు కదా, అది చచ్చినా పలకలేదు. అవాలీలో ఒక కూలీల క్యాంపుకి మధ్యాహ్నం భోజనాలు పంపుతాను. ఎంతమందికి వండాలో పొద్దున్నే మా ట్యాబుకి వస్తుంది. ఆ కబురు అందక నిన్న వాళ్లంతా పస్తున్నారు. ఇంకొక్కసారి ఇలా అయితే వేరే మెస్సు చూసుకుంటామన్నారు. ఆ క్యాంపు పోతే నా మెస్సుకి తాళమే. డబ్బా బాగుచేస్తారా, నన్నే వచ్చి మీ ఆఫీసులో కూర్చోమంటారా?

ఇట్లు, కోపంగా,
నరసాయమ్మ (వేలిముద్ర)

తా.క. నెట్టు లేదు గనక ఉత్తరం మీ బిల్డింగుకొచ్చే భోజనం క్యారియర్లో పెట్టాను. జవాబు ఖాళీ క్యారియర్లో పెట్టండి. కాగితం పైనున్న మరక గుత్తివంకాయ నూనె.

---

మనామా

నరసాయమ్మ గారికి,

మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాము. మా కంప్యూటరులో చూస్తే, కొన్న రోజు నుంచి మీ డబ్బా ఒక్కసారి కూడా టవరును పలకరించలేదు. దానిని ఎక్కడ ఉంచారో, ముందున్న దీపం ఏ రంగులో వెలుగుతోందో తెలియజేయగలరు.

భవదీయుడు,
శ్రీనివాసరాజు

తా.క. మీ ఉత్తరం మేనేజరుగారికి చూపించాను. ఆయనకు తెలుగు రాదు. వాసన చూసి, న్యాయమైన ఫిర్యాదే అన్నారు.

---

రాజుగారికి,

దీపమా? వాడితేగా వెలగడానికి! రెండో గ్యాసు సిలిండరు కొన్నవాళ్లెవరైనా రెండూ ఒకేసారి వెలిగిస్తారా? సీలు తియ్యకుండా మూల పెట్టుకుంటారు. అలాగే మీ డబ్బాని తువ్వాల్లో చుట్టి, స్టీలు బియ్యం డ్రమ్ములో పెట్టి మూత బిగించాను. తీగ తెగగానే దానంతటదే అందుకుంటుందని అమ్మినవాడే చెప్పాడు. అందుకే మూత తియ్యలేదు. తప్పు నాదంటే ఊరుకోను.

నరసాయమ్మ (వేలిముద్ర)

తా.క. నేను సత్యకుమారినండి. డ్రమ్ములో వద్దని మొత్తుకున్నాను. ఈ ముక్క ఆవిడకు చదివి వినిపించను.

---

అమ్మా,

తప్పు మీదని అనడం లేదు, డ్రమ్ముది. ఆ డబ్బా కూడా ఫోనులాగే టవరు నుంచి సిగ్నలు అందుకోవాలి. స్టీలు డ్రమ్ములో మూత పెడితే ఏమీ అందదు. కిటికీలో పెట్టి, కరెంటుకి తగిలించి, ఎప్పుడూ అలాగే ఉంచండి. ఊరికే వెలిగినంతమాత్రాన అందులోని నెట్టు ఖర్చు కాదు.

శ్రీనివాసరాజు

---

రాజుగారు చల్లగా ఉండాలి.

కిటికీలో పెట్టాం, దీపం వెలిగింది. ఖర్చు కాదని మీరు రాసిన మాట చదివించుకున్నాక నాకో ఆలోచన వచ్చింది. తెగిన తీగ మీవాళ్లు అతికించాక ఆ నెట్టు నా ఆర్డర్లకి సరిపోతోంది. డబ్బాది ఊరికే పడుంది. మా దగ్గర తినే కుర్రాళ్లు ఫోనుకి రీఛార్జి కార్డు వేయించుకోలేక పిల్లల మొహాలు చూడక అల్లాడుతున్నారు. అందుకని పాస్‌వర్డు గోడ మీద పెద్దక్షరాలతో రాయించాను. మజ్జిగ అడిగినవాడికి మజ్జిగ, నెట్టు అడిగినవాడికి నెట్టు. వీధి వీధంతా మీ పేరు చెప్పుకుంటోంది.

నరసాయమ్మ (వేలిముద్ర)

తా.క. పాస్‌వర్డు నా పేరే పెట్టించాను. నా పేరు తలుచుకోకుండా ఎవడూ పెళ్లాంతో మాట్లాడలేడు.

---

అమ్మా! అమ్మా!

గోడ తుడిపించండి! ఊరికే వెలిగితే ఖర్చు కాదన్నాను గానీ, వీధంతా వీడియోలు చూస్తే కాకుండా ఉంటుందా? ఈ నెల నెట్టు మొత్తం ఖలాస్. మళ్లీ వచ్చే నెల మొదటి తేదీనే. మేనేజరుగారిని బతిమాలాను, రూలు ఒప్పుకోదన్నారు. పైగా రేపు మీ వీధిలో మళ్లీ తవ్వకం ఉంది. తీగ తెగితే ఈసారి ఆదుకునేది లేదు. అవాలీ వాళ్లకు ఇప్పుడే ఏదో ఒకటి చెప్పుకోండి.

శ్రీనివాసరాజు

---

నాయనా రాజూ,

మీరు రాసినట్టే తవ్వారు, తీగ తెగింది. ట్యాబు మూగబోయింది. అవాలీ కబురొచ్చే వేళ అయిపోతోంది. నాకు ఒళ్లు మండి, అట్లకాడ పట్టుకుని వీధిలోకొచ్చి గోతిలోకి వంగి, "ఎవడ్రా అది, నా పొయ్యి మీద మన్ను పోసింది?" అన్నాను.

గోతిలోంచి తలెత్తింది ఎవరనుకున్నారు? మా బల్ల దగ్గర కూర్చుని రోజూ పెళ్లాంతో వీడియోలో పోట్లాడే నిజామాబాద్ పరశురాం.

"తిట్టకవ్వా! నా గడ్డపారే తగిలింది. నేనేం జేద్దు, ఫోర్‌మన్ యల్లా యల్లా, జల్ది జల్ది అని మీద గూసుండు. ఇగో, నిన్ననే కార్డేయించిన, నా ఫోన్ల నెట్టు నీ ట్యాబుకు పెట్టుకో. అన్నం ఆగొద్దు," అని ఫోను తీసి నా చేతిలో పెట్టాడు.

సత్యకుమారి ఫోనుకీ ట్యాబుకీ ఏదో ముడి వేసింది. ట్యాబు టింగుమంది. అవాలీ లెక్క వచ్చేసింది, భోజనాలు వేళకి వెళ్లాయి. పరశురాం ఫోను పొద్దంతా మా కిటికీలో, వాడు గోతిలో. మర్నాటి నుంచి మా కుర్రాళ్లంతా ఎవరూ చెప్పకుండానే వంతులు వేసుకున్నారు. ఇప్పుడు పొద్దున్నే టీకి వచ్చినవాడు ముందు కిటికీలో ఫోను పెట్టి తర్వాత గ్లాసు అందుకుంటున్నాడు. మొదటి తేదీ వరకూ నాకు దిగులు లేదు. గోడ మాత్రం తుడిపించను.

ఇట్లు, కోపం తగ్గని,
నరసాయమ్మ (వేలిముద్ర)

తా.క. ఎల్లుండి పరశురాంకి తవ్వకం డ్యూటీ మీ బిల్డింగు ముందేనట. ముందుగా మా మెస్సుకొచ్చి వాడితో పరిచయం చేసుకోండి. వాడి ఫోనుతో మీకు పని పడుతుంది.