స్వీడన్‌ను ఓడించిన నల్లగుట్టపల్లె

నల్లగుట్టపల్లె, సింహాద్రిపురం దగ్గర
సోమవారం

మా విశ్వేశ్వరయ్య సారు కూతురు, ప్రొద్దుటూరులో ఉంటూ జమ్మలమడుగు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే అమ్మాయి ప్రజ్ఞకు, గొర్రెల పెంపకందారుల సంఘం అధ్యక్షుడు పెద్దన్న మామ ఆశీస్సులు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుతావు. ఫోన్‌లో నువ్వు చెప్పింది సాయంత్రానికి మరిచిపోతాను. కాగితమైతే టీ కొట్టు దగ్గర నలుగురికీ చదివి వినిపించవచ్చు. కాబట్టి నువ్వు కూడా ఉత్తరమే రాయాలి. ప్రొద్దుటూరు బస్టాండులో పులివెందుల బస్సు డ్రైవర్‌కు ఇస్తే చాలు, నాకు చేరుతుంది.

అసలు సంగతి విను. జిల్లాలో ఎవరో పెద్దమనుషులు కలిసి ఈ ఏడాది ఒక ఊరికి 'శాంతి గ్రామం' అని బిరుదు ఇస్తారట. గెలిచిన ఊరికి రాతి స్వాగత తోరణం! దాని మీద ఊరి పెద్దల పేర్లు చెక్కిస్తారట! నేను వెంటనే స్టేషన్‌కు పోయి మన ఊరి లెక్క అడిగాను. హెడ్ కానిస్టేబుల్ నవ్వి, "మీ ఊరి పేరు రాసి శానా ఏండ్లయిందప్పా. స్పెల్లింగు గూడా మర్సిపోయినాం" అన్నాడు. ఒక్క కేసు లేదు ప్రజ్ఞా, ఒక్కటి!

నువ్వు ప్రొద్దుటూరు సదస్సులో మన దేశం నేరాలనూ స్వీడన్ దేశం నేరాలనూ పోల్చి మాట్లాడబోతున్నావని మీ నాయన చెప్పాడు. స్వీడన్ అంటే మహా శాంతి దేశమంట కదా. ఆ దేశం లెక్క పంపించు. పక్కన మన ఊరి లెక్క పెట్టి దరఖాస్తు చేస్తాను.

తోరణం మీద పేరు ఎలా వేయించుకోవాలా అని ఆలోచిస్తున్న
పెద్దన్న మామ

తా.క. స్వీడన్ జనాభా మన ఊరి కంటే ఎక్కువైతే మనకేమైనా మార్కులు తగ్గిస్తారా?

*

ప్రొద్దుటూరు
బుధవారం

పెద్దన్న మామకు ప్రజ్ఞ నమస్కారాలు. పెంచలమ్మ అత్తను అడిగానని చెప్పు.

నువ్వు నమ్మవు కానీ మామా, లక్ష మందికి ఇన్ని అని లెక్కేస్తే, పోలీసు రికార్డుల్లోకి ఎక్కే నేరాలు మన దేశంలో కంటే స్వీడన్‌లోనే ఎన్నో రెట్లు ఎక్కువ.

(పేజీ తిప్పు.)

అయితే దాని అర్థం అక్కడ దొంగలు ఎక్కువని కాదు. అక్కడ సైకిల్ పోయినా స్టేషన్‌లో చెబుతారు. చెప్పకపోతే బీమా రాదు. ఒకడు నాలుగు నేరాలు చేస్తే నాలుగూ లెక్కలోకి వస్తాయి. మన దగ్గర ఒకే కేసులో నాలుగుంటే పెద్దదాన్నే లెక్కిస్తారు. అందుకే ఈ అంకెలు ఎవరు మంచివాళ్లో చెప్పవు, ఎవరు నోరు తెరిచారో చెబుతాయి. దాచడం కష్టమైన హత్యలను పోల్చి చూడు, అక్కడ స్వీడన్ లెక్కే మన కంటే తక్కువ. నేరం లేని ఊరు వేరు, నేరం రాయించని ఊరు వేరు.

సదస్సు పనిలో మునిగిపోయిన
ప్రజ్ఞ

తా.క. దయచేసి రెండు పేజీలూ చదివాకే టీ కొట్టుకు వెళ్లు.

*

నల్లగుట్టపల్లె
శనివారం

స్వీడన్ రహస్యం బయటపెట్టిన బంగారు తల్లి ప్రజ్ఞకు, మామ దీవెనలు!

నీ ఉత్తరం మొదటి పేజీ చదవగానే చెప్పులు కూడా వేసుకోకుండా టీ కొట్టుకు పరిగెత్తాను. జనం ఈలలు వేశారు! టపాసులు కాల్చాం. నా పొట్టేలు జమేదార్ మెడలో దండ వేసి, డప్పులతో ఊరంతా తిప్పాం. వాడు కూడా తానే గెలిచినట్టు తల ఎగరేస్తూ నడిచాడు.

పులివెందులలో ఫ్లెక్సీ వేయించాను. 'స్వీడన్‌పై నల్లగుట్టపల్లె ఘనవిజయం' అని పైన, మధ్యలో నేను, పక్కన నువ్వు. ఫ్లెక్సీ అంగడి ఆయనకు స్వీడన్ బొమ్మ దొరకలేదంట, స్విట్జర్లాండ్ కొండలు పెట్టాడు. మంచు యాడైనా మంచే కదా అన్నాడు. నాకూ సబబుగానే తోచింది.

పాపం, స్వీడన్ వాళ్లను తలుచుకుంటే జాలేసింది. ఢిల్లీలో వాళ్ల రాయబారి ఉంటాడంట కదా, ఆయనకు ఉత్తరం రాస్తున్నాను. వాళ్లు ఒప్పుకుంటే నేను పోయి శాంతి ఎలా కాపాడాలో నేర్పించి వస్తాను. ఈ మాట ఇంట్లో చెబితే పెంచలమ్మ, "ఆ దేశమోళ్లు నిన్నేమన్నా రమ్మని అడిగినారా? ముందు మన ఊర్లో ఏం జరుగుతాండాదో చూడప్పా" అంది. ఆడవాళ్లకు అంతర్జాతీయ విషయాలు పట్టవు.

ఇట్లు
విజేత పెద్దన్న

తా.క. రెండో పేజీ నేనింకా చూడలేదు. అది పెంచలమ్మ చేతికి చిక్కింది. మూడు రోజులుగా తిప్పి తిప్పి చదువుతోంది. అడిగితే ఇవ్వడం లేదు.

*

ప్రొద్దుటూరు
సోమవారం

మామా, మామా, మామా! నమస్కారాలు తరువాత, ముందు ఆ ఫ్లెక్సీ దించు.

నేను రాసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. మన ఊర్లో దొంగతనాలు లేకపోవడమేమిటి? నేను ఉగాదికి వచ్చినప్పుడు తిరుపాల్ చెప్పలేదా, బోరు దగ్గర కేబుల్ కోసుకుపోయారని, నీళ్లు లేక చీనీ చెట్లు వాడి బత్తాయిలు రాలిపోతున్నాయని? జైబున్నీసా కోళ్లు ఏమయ్యాయి? వీళ్లెవరూ స్టేషన్‌కు ఎందుకు పోలేదో అడిగావా?

భయం ఉంటుందని నాకూ తెలుసు. మన జైళ్లలో నలుగురిలో ముగ్గురు ఇంకా తీర్పు రానివాళ్లే. కేసంటే ఏళ్ల తరబడి తిరగాలని జనం జంకుతారు. కానీ చెప్పకపోతే దొంగకే మేలు.

కంగారుగా
ప్రజ్ఞ

తా.క. రాయబారికి ఉత్తరం పోస్టు చేయలేదని ఒక్క మాట రాయి. రాత్రి నిద్ర పట్టడం లేదు.

*

నల్లగుట్టపల్లె
బుధవారం

చదువు ఎక్కువైన ప్రజ్ఞకు, మామ ఆశీస్సులు, కొంచెం కోపంతో.

తిరుపాల్ కేబుల్ పోయిన రోజే వాడిని కూర్చోబెట్టి నేను చెప్పాను, "అది దొంగతనం కాదురా, స్థానచలనం. ఈడ ఉండేది ఆడికి పోయిండాది, అంతే" అని. జైబున్నీసా కోళ్లు వాటంతట అవే పోయాయి. కాళ్లున్నాయి కదా. దండెం మీది పెంచలమ్మ పట్టుచీర గాలికి పోయింది. అందరికీ నచ్చజెప్పాను. ఊరి పేరు కోసం అందరూ ఒప్పుకున్నారు.

జైళ్లలో నలుగురిలో ముగ్గురు తీర్పు రానివాళ్లని రాశావు. ఆ ముగ్గురిలో మన ఊరివాడు ఒక్కడున్నాడా? అది కూడా దరఖాస్తులో చేర్చాను.

రేపు ఉదయం బిరుదు కమిటీ మన ఊరికి వస్తోంది!

ఇట్లు
పెద్దన్న

తా.క. ప్రజ్ఞా! ఈ ఉత్తరం మడిచి దొడ్లోకి పోయి చూస్తే జమేదార్ లేడు! గుంజకు కోసిన తాడు మాత్రం వేలాడుతోంది! పిల్లగా ఉన్నప్పటి నుంచి నా చేతి మీద జొన్నలు తిన్నవాడు! చెబితే తోరణం పోతుంది, చెప్పకపోతే పొట్టేలు పోతుంది. నాకు దిక్కు తోచడం లేదు. ఇలాంటప్పుడు స్వీడన్‌లో ఏం చేస్తారు? ఇదే బస్సులో పంపుతున్నా, తిరుగు బస్సుకు జవాబివ్వు!

*

ప్రొద్దుటూరు బస్టాండు
బుధవారం సాయంత్రం

మామకు, బస్సు స్టార్ట్ చేశారు కనుక రెండే ముక్కలు.

స్వీడన్‌లో స్టేషన్‌కు పోతారు. నువ్వూ పో.

ప్రజ్ఞ

తా.క. ఏడుస్తూ పోవద్దు మామా. పొట్టేలు గుర్తులు చెప్పడానికి గొంతు కావాలి.

*

నల్లగుట్టపల్లె
ఆదివారం

నా కళ్లు తెరిపించిన ప్రజ్ఞకు, తల దించుకున్న మామ దీవెనలు.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కూర్చుని చదువు.

నీ చీటీ అందింది కానీ ధైర్యం చాలలేదు. గురువారం తెల్లవారగానే ఊరంతా తిరిగి, "నాదొకటి కనపడ్ల, పోలేదు గానీ కనపడ్ల, ఎవురన్నా చూసినారా?" అని అడిగాను. తిరుపాల్ చీనీ తోటలో నిలబడి, "స్థానచలనం అయ్యింటాది లే మామా" అన్నాడు. జైబున్నీసా, "దానికి గూడా కాళ్లుండాయి గదన్నా" అంది. ఇంటికొస్తే పెంచలమ్మ, "గాలికి పోయింటాది" అంది. ఒక్కరూ నవ్వలేదు ప్రజ్ఞా. నవ్వి ఉంటే బాగుండేది.

అంతలో కమిటీ కార్లు దిగింది. దండలు, డప్పులు, ఫ్లెక్సీ. నన్ను మైకు దగ్గరికి తోశారు. కమిటీ పెద్దాయన, "మీ ఊర్లో తలుపులకు తాళాలే వేయరంట, నిజమేనా?" అని అడిగాడు. నిజమేనని చెప్పడానికి నోరు తెరిచాను. ఎదురుగా మా దొడ్డి, దాంట్లో ఉత్త గుంజ. నోట్లోంచి వేరే మాట వచ్చింది: "మా ఊర్లో దొంగలు పడినారు సామీ! నా పొట్టేలును ఎత్తకపోయినారు!"

డప్పులు ఆగిపోయాయి. నేను మైకు అక్కడే పడేసి తిరుపాల్ ట్రాక్టర్ ఎక్కాను. తిరిగి చూస్తే వెనక జైబున్నీసా, ఆమె వెనక పెంచలమ్మ, ఊరి ఆడవాళ్లు, ట్రాలీ నిండిపోయింది. "నీ పొట్టేలు రాపించినాక నా కోళ్లు గూడా రాపించన్నా. ఊరి పేరు కోసరం ఇన్నాళ్లు గమ్మునుంటిమి" అంది జైబున్నీసా. 

స్టేషన్‌లో మొదటి ఫిర్యాదు నాది. నా వెనక కేబుళ్లు, కోళ్లు, పైపులు, స్టార్టర్లు, చీర. రాసి రాసి హెడ్ కానిస్టేబుల్ చేయి విదిలించుకున్నాడు. ఎస్సై మాత్రం అదే రోజు మనుషులను పంపించాడు. పులివెందులలో ఒక పాత సామాన్ల అంగడిలో, తిరుపాల్ పచ్చరంగు గుర్తు వేసుకున్న కేబుల్ దొరికింది! అమ్మినవాడిని శుక్రవారం పట్టుకొచ్చి, మమ్మల్నందరినీ స్టేషన్‌కు పిలిపించారు. యాడోడో, మన ఊరివాడు కాదు. చేసినవన్నీ ఒప్పుకున్నాడు. చీర కూడా తన ఇంట్లోనే ఉందన్నాడు. పొట్టేలు దగ్గరికి వచ్చేసరికి చేతులు జోడించాడు.

"కేబుళ్లు నేనే కోసినా సార్. కోళ్లు నేనే పట్టినా. పొట్టేలు మాత్రం నేను కాదు. ఒకసారి ఆ దొడ్లోకి పోతే పొడిచి గోడ దాటించె. మళ్లా ఆ పక్కకే పోలేదు."

నేను ఎగిరాను. "అబద్ధమాడతాండాడు సార్!" అని అరిచాను. అప్పుడు పెంచలమ్మ లేచి నిలబడింది.

"వాడు నిజమే చెప్తాండాడు సార్. పొట్టేలు దువ్వూరులో మా చెల్లెలు సుశీలమ్మ ఇంట్లో ఉండాది. తాడు కోసి ఆటోలో పంపిచ్చింది నేనే."

 ఎస్సై ముఖం ఎర్రబడింది. "నీ మొగుడు ఫిర్యాదు రాయిస్తాంటే పక్కనే నిలబడితివి కదమ్మా! అప్పుడే చెప్పచ్చు కదా?"

"అప్పుడే చెప్పింటే, ఈ ఆడోళ్లంతా తిరిగి ఇండ్లకు పోదురు సార్."

ఎస్సై ఇంకోసారి ఇలా చేస్తే ఊరుకోనని ఆమెను గట్టిగా మందలించి, నా ఫిర్యాదును పొరపాటు కేసు కింద మూసేయమన్నాడు. నేను బయట బెంచీ మీద కూలబడ్డాను. పెంచలమ్మ వచ్చి పక్కన కూర్చుని, "నా చీర పోయినప్పుడు గాలి అంటివి. పెండ్లి చీర అది. నేనేడ్చింది నీకు కనపడ్ల. అందుకే నీకు కనపడేది దాచిపెడ్తి" అంది. ఆ చీర ఎప్పుడిస్తారో కనుక్కోవడానికి నేనే మళ్లీ లోపలికి పోయాను. 

ఇప్పుడర్థమైందమ్మా నీ శాస్త్రం. ఇన్నేళ్లలో మన ఊరి పేరు మీద ఎక్కిన మొట్టమొదటి దొంగతనం, అసలు జరగనే లేదు. జరిగినవేమో నేను ఎక్కనివ్వలేదు.

తోరణం వేరే ఊరికి పోయింది. తిరుపాల్ బోరు ఆడుతోంది, చీనీ చెట్లు తడుస్తున్నాయి. రాయబారికి ఉత్తరం పోస్టు చేయలేదు, నువ్వు నిద్రపో.

ఇక మీద చెవులు తెరిచి ఉంచే
పెద్దన్న మామ

తా.క. జమేదార్‌ను తెద్దామని దువ్వూరు పోయాం. సుశీలమ్మ, "మా మందకు బాగా అలవాటైనాడు బావా, ఇంగ నేనియ్యను" అని వాకిలి మూసేసింది! ఇది మాత్రం అచ్చమైన దొంగతనమే కదా ప్రజ్ఞా? మళ్లీ స్టేషన్‌కు పోవాలంటే నాకు సిగ్గుగా ఉంది. పెంచలమ్మ అప్పుడే ట్రాక్టర్ ఎక్కి కూర్చుని నన్ను పిలుస్తోంది.