మాటకూ మాటకూ నడుమ

16 సెప్టెంబర్ 2011, శుక్రవారం

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. డైరీ తెరిచి మళ్లీ మూసేశాను కూడా. కోరుట్లలో ఇంటర్నెట్ సెంటర్ నడుపుకునే ముసలోడికి రాయడానికి ఏముంటుంది, కరెంటు పోయింది, కరెంటు వచ్చింది అని తప్ప? సకల జనుల సమ్మె మొదలయ్యాక అదీ సగానికి తగ్గింది. పోయింది అని రాస్తే చాలు. కానీ ఇవాళ ఒక పిల్ల తల ఊపడం చూశాను. అది కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

శైలజ బీడీలు చేస్తుంది. మొగుడు ప్రేమ్‌సాగర్ బహ్రెయిన్‌లో షట్టరింగ్ పని చేస్తాడు. వాడు విమానం ఎక్కేనాటికి కూతురు బాలలక్ష్మి ఇంకా బోర్లా పడలేదు. ఇప్పుడు దానికి మూడు దాటాయి, నోరు మూయదు. శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి శైలజ పిల్లను చంకనేసుకుని నా సెంటర్‌కు వస్తుంది. బొమ్మ కనిపించేంత లైను మాకు లేదు. మాట ఒక్కటే. హెడ్‌ఫోన్ పిల్ల తలకు నిలవదు, స్పీకర్లే పెడతాను. అందరూ వింటారు. వినకపోతే శైలజే మళ్లీ అందరికీ చెబుతుంది.

ఇవాళ ప్రేమ్‌సాగర్ అటు నుంచి, బిడ్డా, నేనెవరినే, గుర్తు వట్టినవా, అని అడిగాడు. పిల్ల వెంటనే తల ఊపింది. బాపువు, అంది. నా చెవులతో విన్నాను. ఆ మాట సముద్రం దాటే లోపల వాడికి ఓపిక చాలలేదు. సరే తియ్, ఎట్ల గుర్తువడ్తది, మీ అవ్వకియ్యి, అన్నాడు. పిల్ల మాటా వాడి మాటా దారిలో ఎదురుపడి, ఒకదాన్ని ఒకటి తొక్కుకున్నాయి. పిల్ల బిక్కమొహం వేసుకుని నా వైపు తిరిగింది. గీ పెట్టెల బాపు నేను మాట్లాడంగనే మాట్లాడ్తడు తాతా, మంచోడు కాదు, అంది.

పోయేటప్పుడు శైలజ కొంగు నోట్లో పెట్టుకుంది. కంపెనీవాళ్లు ఇంకో రెండేళ్లకు సంతకం అడుగుతున్నారట. సెలవు మీద ఒకసారి వచ్చి పోవచ్చు, రాకుండానే పెట్టనూ వచ్చు. దసరా దాటాక చెప్పాలట. పొల్ల నన్ను మరిచింది, అచ్చి మాత్రం ఏం చేసుడు, సంతకం వెట్టేస్త అంటున్నడు తాతా, అంది.

మరవలేదు. తల ఊపింది. వాడికి తెలియదు, అంతే.

18 సెప్టెంబర్

పింగ్ అనేది ఒకటి ఉంది. ఇక్కడి నుంచి ఒక చిన్న ముక్కను పంపితే అక్కడి మిషన్ దాన్ని తిప్పి పంపుతుంది. పోయి రావడానికి పట్టిన సమయం తెర మీద పడుతుంది, సెకనులో వెయ్యో వంతుల లెక్కన. దీన్ని లేటెన్సీ అంటారు.

నేను ఏడో తరగతితోనే బడికి దండం పెట్టినవాణ్ణి. సిరిసిల్లలో మా నాయన మగ్గం కింద పుట్టి, దుమ్ము పడక రేడియోలు బాగు చేసే పనిలో పడ్డాను. ఇంగ్లీషు నేర్పింది రేడియో పెట్టెల లోపల అంటించే హెచ్చరిక కాగితాలే. అందుకే ఇప్పటికీ నాకు ఇంగ్లీషులో కోపం రాదు, వార్నింగ్ మాత్రమే వస్తుంది. ఆ సంగతి ఇప్పుడెందుకు?

పొద్దున సెంటర్‌లో ఎవరూ లేనప్పుడు బహ్రెయిన్‌కు కొట్టి చూశాను. మూడు వందలు. అంటే సెకనులో మూడో వంతు. అంత మాత్రానికి మాటలు ఢీకొనవు. మరి శుక్రవారం ఏమైంది?

శంకరవ్వ చాయ్ తెచ్చి ఇదంతా విన్నది. అన్నం తిన్నవా అంటె పొద్దుమూకినంక జవాబు చెప్తవు, నీ పింగు ఎవలు సూడాలె, అంది. నలభై ఏళ్ల సంసారంలో దీనికి ఎన్నడూ లేటెన్సీ లేదు.

23 సెప్టెంబర్, శుక్రవారం

పిల్లను తేకు అని వాడన్నా శైలజ తెచ్చింది. నేనొక ఉపాయం చేశాను. పోలీసు వైర్‌లెస్‌లో మాట అయిపోగానే ఓవర్ అంటారు కదా, పిల్లకు అది నేర్పాను. ఓవర్ వినిపించేదాకా ఎవరూ మాట్లాడొద్దు అన్నాను. ప్రేమ్‌సాగర్‌కు కూడా చెప్పించాను. బాపూ ఏం తిన్నవు ఓవర్, అంది పిల్ల. ఆ వెంటనే, ఓవర్ అన్నగద, చెప్పు ఓవర్, అంది. ఆ వెంటనే కుర్చీ దిగిపోయింది. మూడేళ్ల పిల్లకు ఆగడం నేర్పాలనుకున్న నా బుద్ధిని ఏమనాలి? వాడి జవాబు వచ్చేసరికి ఖాళీ కుర్చీ విన్నది.

అయితే ఒకటి దొరికింది. పక్క కంప్యూటర్‌లో పింగ్ నడుస్తూనే ఉంది. మాట్లాడుతున్నంతసేపూ రెండు వేల ఐదు వందలు! రాకేశ్ లేచి వెళ్లగానే మళ్లీ మూడు వందలకు దిగింది.

రాకేశ్ డిగ్రీ పిల్లగాడు. జగిత్యాల రోడ్డు మీద వంటావార్పు జరిగితే, ర్యాలీ జరిగితే కెమెరాతో తీసి, నా దగ్గర కూర్చుని వీడియోను నెట్‌లోకి ఎక్కిస్తాడు. వాడి వీడియో వెనకాల పిల్ల మాట నిలబడి ఉంది, పెళ్లి ఊరేగింపు వెనక సైకిలు లాగా.

24 సెప్టెంబర్

శుక్రవారాలు ఆ గంట అప్‌లోడ్ ఆపు బిడ్డా అని రాకేశ్‌ను అడిగాను. వాడికి సర్రున కోపం వచ్చింది. ఆడ జనం రోడ్డు మీద కూసుంటె ఈడ నువ్వు నన్ను ఆగుమంటవా, తెలంగాణ కన్న గా పొల్ల ముచ్చట ఎక్కువనా తాతా, అన్నాడు. ఎక్కువ అని ఎట్లా అంటాను? తక్కువ అని మాత్రం ఎట్లా అంటాను? నేను నోరు తెరిచేలోపే పెన్‌డ్రైవ్ పీక్కుని పోయాడు. బస్టాండు దగ్గరి సెంటర్‌కు పోతాడట.

వెనక నుంచి శంకరవ్వ, సూసినవా నీ పింగు, అంది.

27 సెప్టెంబర్

ఎంగిలిపూల బతుకమ్మ. కరెంటు లేదు. ఏమీ కొలవలేదు.

30 సెప్టెంబర్, శుక్రవారం

రాకేశ్ రాలేదు. లైను కడిగిన ముత్యం లాగా ఉంది. మాట్లాడడానికి ప్రేమ్‌సాగరే రాలేదు. శైలజ చానాసేపు కూర్చుంది. పిల్ల బియ్యంలో రాళ్లు ఏరినట్టు కీబోర్డు మీద అక్షరాలు ఏరుతూ ఉంది. పెట్టెల బాపు పన్నడా, అని అడిగింది. శైలజ, ఆఁ పన్నడు, నిద్రల ఉన్నడు, అంది.

2 అక్టోబర్

చెల్లె గంగవ్వకు పానం బాగాలేదంటే సిరిసిల్ల పోయాను. బస్సులు లేవు. జీపులో మా మోకాళ్లు ఎవరివి ఎవరివో వేములవాడ దాకా తేలలేదు.

గంగవ్వకు ఏమీ లేదు, అన్న మొహం చూడాలనిపించిందట. అది వేరే రోగం. దాని కొడుకు కొమురెల్లి మరమగ్గాలు నడుపుతాడు. వాడు తల పట్టుకుని ఉన్నాడు. సమ్మె మూలంగా గులాబి అంచు కండువాలకు ఊళ్లన్నీ ఎగబడుతుంటే వాడి మగ్గాల మీద తెల్లబట్టే నడుస్తోంది. ఏం చెయ్యాలె మామా, సేటు దయదలిచి నిండ బీము ఎక్కిచ్చిండు, గా పడుగు ఒడిస్తె గద గులాబి ఎక్కేది, అన్నాడు. పక్కింటి వాడి బీము మీద నూలు తక్కువ. మొన్ననే అది అయిపోయి గులాబి ఎక్కించుకున్నాడట. అది చెప్పేటప్పుడు కొమురెల్లి పళ్లు కొరుకుతున్నాడు.

బీము అంటే పడుగు నూలు చుట్టిన పెద్ద రోలర్. దాని మీద ముందు చుట్టింది ముందే నేయాలి, నడుమ దూరడానికి లేదు. నాకు మగ్గాల మోతలోనే వెలిగింది. నా మోడెం లోపల కూడా బీము ఉంది!

లైను మోయగలిగినదానికన్న రాకేశ్ వీడియో వేగంగా వచ్చి పడుతుంది. మిగిలినదాన్ని మోడెం పారేయదు, చుట్టి దాచుకుంటుంది. వీడియోను పంపే టీసీపీ అనే పద్ధతి ఉందే, అది ఒక ముక్క నేలపాలైతేనే, ఓహో దారి నిండింది అని నెమ్మదిస్తుంది. మోడెం దయగలది, ఏదీ నేలపాలు కానివ్వదు. కాబట్టి టీసీపీకి బుద్ధి రాదు. పిల్ల బాపువు అంటే ఆ మాట నిండు బీముకు చివర చుట్టుకుంటుంది.

చెల్లె పెట్టిన అన్నం తింటూ ఇదే చెప్పాను. మా అన్నకు చిన్నప్పటి నుంచి గింతే, అని కోడలితో అంది.

4 అక్టోబర్

కరెంటు ఉన్నంతసేపూ చదివాను. దూరదేశాల ఇంజినీర్లు కొందరు ఈ జబ్బుకు పేరు కూడా పెట్టారు, బఫర్‌బ్లోట్ అని. డిక్షనరీ తీస్తే బ్లోట్ అంటే కడుపుబ్బరమట. శంకరవ్వకు చెబితే, వాము నమలమను, అంది.

మోడెంలోని బీమును కోయడం నా చేత కాదు. కానీ అది నేసినంతే నూలు అందిస్తే, చుట్టుకోవడానికి ఏమీ మిగలదు కదా! అన్ని కంప్యూటర్లూ నా బల్ల మీది మిషన్ గుండానే బయటికి పోతాయి. అందులో ఒక ప్రోగ్రాం పెట్టి, లైను వేగానికి ఒక పిసరు తక్కువగా అప్‌లోడ్‌కు కళ్లెం వేశాను. త్వరగా పోవాలంటే నెమ్మదిగా పంపాలి. ఇది మా నాయనతో అంటే చేతిలోని నాడె నా మీదికి విసిరేవాడు.

పెద్ద ఫైలు ఒకటి ఎక్కిస్తూ పింగ్ కొట్టాను. మూడు వందల ఇరవై. మళ్లీ కొట్టాను. అంతే.

సాయంత్రం సద్దుల బతుకమ్మ దగ్గర రాకేశ్ కెమెరాతో కనిపించాడు. నువ్వు అప్‌లోడ్ ఆపే పని లేదు బిడ్డా, కాకపోతే ఒకింత నిదానం అవుతుంది అన్నాను. ఎంత నిదానం, అన్నాడు. నువ్వు చాయ్ తాగుతావు కదా, ఇంకో చాయ్ తాగినంత, అన్నాను. చాయ్ నీదేనా, అన్నాడు.

7 అక్టోబర్, శుక్రవారం

నిన్న దసరా. ఇవాళ ప్రేమ్‌సాగర్ వస్తాడో రాడో అని శైలజ పొద్దున్నే వాడికి మిస్డ్ కాల్ మీద మిస్డ్ కాల్ ఇచ్చింది. వచ్చాడు. వచ్చీరాగానే, రేపు సంతకం వెట్టమంటున్నరు, నీకు చెప్పి పెడ్దామని అచ్చిన, అన్నాడు. పక్క సీట్లో రాకేశ్ వీడియో ఎక్కుతోంది. నా చెయ్యి పింగ్ విండో మీద ఉంది. మూడు వందల చిల్లర.

నేను పిల్లను ఎత్తి కుర్చీలో పెట్టాను. శైలజ వద్దనలేదు.

బాపూ, అంది పిల్ల.

ఆఁ బిడ్డా, అన్నాడు వాడు.

పిల్ల ఉలిక్కిపడింది. వెంటనే జవాబు వస్తుందని అది అనుకోలేదు. మళ్లీ, బాపూ, అంది. ఆఁ బిడ్డా. బాపూ. ఆఁ. ఊరికే పిలిచింది. పలికినప్పుడల్లా నవ్వింది. నవ్వినప్పుడల్లా అటు వాడు నవ్వాడు, నవ్వు మీద నవ్వు పడ్డా ఎవరికీ అడ్డం కాలేదు.

తరువాత దసరా ముచ్చట చెప్పింది. జమ్మి ఆకు బంగారమని తాతకిచ్చిన, శంకరవ్వకిచ్చిన, అందరి కాళ్లు మొక్కిన, అంది. మరి నాకేదే బంగారం, అన్నాడు. నువ్వు పెట్టెల ఉంటివి, నీ కాళ్లేడ ఉన్నయ్, అంది. రాకేశ్ ఫక్కుమన్నాడు. పిల్ల గౌను జేబులో నుంచి నలిగిన జమ్మి ఆకు తీసి స్పీకరు జాలీలోకి దోపింది. ముట్టిందా, అని అడిగింది.

జవాబు రాలేదు. నేను గాబరాగా పింగ్ చూశాను. లైను బాగానే ఉంది.

ముట్టింది బిడ్డా, అన్నాడు కాసేపటికి.

రాకేశ్ తెర వైపు తిరిగి కూర్చున్నాడు. వీడియో ఎప్పుడో ఎక్కిపోయినా లేవలేదు. తరువాత, చాయ్ ఏది తాతా, అని నా మీద గుడ్లురిమాడు.

8 అక్టోబర్

సంతకం పెట్టాడో లేదో తెలియదు. శైలజ ఇంటి ముందు నుంచి ఏ పనీ లేకుండా వచ్చిపోయాను. బీడీల చాట ముందు తల వంచుకుని ఉంది.

14 అక్టోబర్

శుక్రవారమే కానీ పొద్దంతా కరెంటు లేదు.

21 అక్టోబర్, శుక్రవారం

సంతకానికి ముందు ప్రేమ్‌సాగర్ సెలవు అడిగాడట. ఇచ్చారట. మాఘంల సమ్మక్క జాతర నాటికి వస్త బిడ్డా, అన్నాడు. పిల్ల, ఇప్పుడే రా, అంది. ఇప్పుడెట్ల అస్తనే, జాతరకు అస్త. ఇప్పుడే. అవ్వ తోడు, జాతరకు. నువ్వు రాకు పో, అని కుర్చీ దిగి బయట మెట్ల మీద కూర్చుంది. అలిగింది అని నేను మైకులో చెప్పాను. నేను ఆగుత తియ్ తాతా, అన్నాడు. శంకరవ్వ పిల్లకు ఉడకబెట్టిన మక్క గుడాలు పెట్టింది. తిని, చేతులు గౌనుకు తుడుచుకుని, వచ్చి కుర్చీ ఎక్కింది.